మీ నాన్నగారి కొమ్ము పని, గెట్టియర్ పది నాణేలు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక అమ్మాయి పంపిన ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎం.ఏ. ఫిలాసఫీ మొదటి ఏడాది చదువుతోంది. నాన్నగారు కొమ్ముతో కొంగలు, దువ్వెనలు చేస్తారట. క్లాసులో మొదటి రోజు జ్ఞానానికి నిర్వచనం చెప్పారు: విషయం నిజం కావాలి, దాన్ని మనం నమ్మాలి, నమ్మడానికి ఆధారం ఉండాలి. మర్నాడు ఆ మాస్టారే వచ్చి అది చాలదన్నారు. "మా నాన్నకి వచ్చిన పనిని మాటల్లో చెప్పమంటే చెప్పలేరు. మరి అది జ్ఞానం కాదా? ఇప్పటి ఫిలాసఫీ అంటే ఇలా కోడిగుడ్డుకి ఈకలు పీకడమేనా? మనలాంటి వాళ్లకి పనికొచ్చేది ఏమైనా ఉందా?" అని అడిగింది.

అమ్మా, నీ వయసు పిల్లలకి ముప్ఫై ఒక్క ఏళ్లు పాఠం చెప్పి రిటైరయ్యాను కాబట్టి 'నువ్వు' అనే రాస్తాను, ఏమనుకోకు. మాది బరంపురంలో పట్టు మగ్గాల ఇల్లు. కాలేజీలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. నీ పరిస్థితీ అదే అనుకుంటాను.

ముందు గెట్టియర్ అనే అమెరికా తత్వవేత్త సంగతి, మీ మాస్టారు మర్నాడు 'చాలదు' అన్నది ఆయన వల్లే. ఎడ్మండ్ గెట్టియర్ 1963లో రాసింది మూడు పేజీలే. స్మిత్, జోన్స్ అనే ఇద్దరు ఒకే ఉద్యోగానికి వెళ్తారు. ఉద్యోగం జోన్స్‌కే అని కంపెనీ పెద్ద స్మిత్‌తో చెప్పాడు. జోన్స్ జేబులో పది నాణేలున్నాయని స్మిత్ స్వయంగా లెక్కపెట్టాడు. అందుకని 'జేబులో పది నాణేలున్నవాడికే ఉద్యోగం వస్తుంది' అని నమ్మాడు. తీరా చూస్తే ఉద్యోగం స్మిత్‌కే వచ్చింది. అతని జేబులోనూ సరిగ్గా పదే ఉన్నాయి, ఆ సంగతి అతనికి తెలియదు. నమ్మాడు, ఆధారం ఉంది, నిజమూ అయింది. కానీ తెలుసని అనగలమా?

ఈ నాణేల కథ చెప్పగానే పిల్లలు ఆవలించేవారు. అందుకని నేను ఇంకోలా చెప్పేవాణ్ణి. టీ కొట్టు ముందు మీ మావయ్య సైకిల్ చూశావు. ఇంటికొచ్చి "మావయ్య టీ కొట్లో ఉన్నాడు" అన్నావు. నిజానికి ఆ సైకిల్ పక్కింటి కుర్రాడు అడిగి తెచ్చుకున్నది. అయితే మావయ్య నడుచుకుంటూ వచ్చి, నిజంగానే లోపల కూర్చుని టీ తాగుతున్నాడు. నీ మాట నిజమైంది, కానీ అది నీకు తెలిసి చెప్పిన మాట కాదు. దీనికి మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టారు, కాకతాళీయం అని. కాకి వాలింది, తాటిపండు రాలింది.

ఎనిమిదో శతాబ్దంలో ధర్మోత్తరుడనే బౌద్ధ తార్కికుడు ఇలాంటి ఉదాహరణే ఇచ్చాడు. దాహంతో ఉన్నవాడు ఎండమావిని చూసి నీళ్లనుకుని పరుగెత్తాడు. అక్కడికి వెళ్తే రాతి కింద నిజంగానే నీళ్లున్నాయి. పన్నెండో శతాబ్దంలో శ్రీహర్షుడు, అంటే మన శ్రీనాథుడు తెనిగించిన నైషధం రాసినాయనే, జూదగాడి గవ్వలు చూపించాడు. గుప్పిట్లో ఎన్ని ఉన్నాయంటే ఐదని ఊరికే అన్నాడు, ఐదే ఉన్నాయి. వీటిని ఇవాళ్టి చర్చలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు బిమల్ కృష్ణ మతిలాల్, 1976 నుంచి 1991 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్. అయితే 'మనవాళ్లు గెట్టియర్ కన్నా ముందే చెప్పేశారు' అని పరీక్షలో రాసి రొమ్ము విరుచుకోకు. మన తార్కికులకి జ్ఞానమంటే ఒక క్షణంలో కలిగే ఎరుక. అక్కడివాళ్లు మాట్లాడేది మనసులో నిలిచి ఉండే నమ్మకం గురించి. పోలిక ఉంది, తేడా కూడా అంతే ఉంది.

గెట్టియర్ తరవాత ముప్ఫై నలభై ఏళ్లు ఆ నిర్వచనానికి అతుకులు వెయ్యడంతోనే సరిపోయింది. ఇక్కడ మాత్రం నీ కోడిగుడ్డు మాట నేనూ ఒప్పుకుంటాను. 2000లో టిమొతీ విలియమ్సన్ అసలు జ్ఞానాన్ని ముక్కలు చెయ్యడమే తప్పన్నాడు. జ్ఞానమే మొదటిది, నమ్మకాన్నీ ఆధారాన్నీ దాన్ని బట్టే అర్థం చేసుకోవాలి అని ఆయన వాదన. యూజీసీ నెట్ పరీక్ష కోసం ఇంతవరకు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇప్పుడు మీ నాన్నగారి దగ్గరికి వద్దాం.

మా నాన్న పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్లు పెట్టకముందే పడుగు మీద చెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ల వెనకవైపుతో ఒకసారి నిమిరేవాడు. ముసురు పట్టిన రోజు పట్టు పోగు తేమకి సాగుతుంది. నిన్న ఉన్న బిగువు ఇవాళ ఉండదు. ఆ నిమరడంలోనే ఎంత బిగించాలో తేలిపోయేది. నేను పదో తరగతిలో ఉండగా ఒకసారి "ఎంత బిగించాలి నాన్నా?" అని అడిగాను. "అది అడిగినంత" అన్నాడు. నేను బిగించిన రోజు మధ్యాహ్నానికి నాలుగు పోగులు తెగాయి. తిట్టలేదు, తెగిన పోగులు ముడి వేసుకుంటూ కూర్చున్నాడు.

గిల్బర్ట్ రైల్ 1949లో చెప్పింది దీని గురించే. 'ఫలానాది ఇలా ఉంది' అని తెలియడం వేరు, 'ఎలా చెయ్యాలో' తెలియడం వేరు అన్నాడు. ఆయన వాదన చిన్నదే. తెలివిగా ఏ పని చెయ్యాలన్నా ముందు మనసులో ఒక సూత్రం చదువుకోవాలి అనుకుందాం. ఏ సూత్రం ఎప్పుడు చదువుకోవాలో తేల్చుకోవడం కూడా తెలివైన పనే, కాబట్టి దానికి ఇంకో సూత్రం కావాలి. దానికి మరొకటి. ఇలా పోతే మగ్గంలో పోగు తీసుకెళ్లే నాడె ఒక్కసారి కూడా అటు నుంచి ఇటు రాదు. కాబట్టి చేతి తెలివి సూత్రాల నుంచి పుట్టింది కాదు అని ఆయన తేల్చాడు.

2001లో జేసన్ స్టాన్లీ, విలియమ్సన్ కలిసి దీన్ని ఎదిరించారు. ఎలా చెయ్యాలో తెలియడం కూడా ఒక నిజం తెలియడమేనన్నారు. 'ఈ పని చెయ్యడానికి ఇదిగో, ఇది ఒక పద్ధతి' అన్న నిజం. ఆ 'ఇదిగో' అన్న మాటలోనే అంతా ఉంది. మీ నాన్నగారు నోటితో చెప్పలేకపోవచ్చు, కానీ కొమ్ము సెగ చూపించి "ఇదిగో, ఇప్పుడు వంచాలి" అనగలరు కదా.

చాలా ఏళ్లు నేను రైల్ పక్షం. ఇప్పుడు కాస్త ఊగుతున్నాను. ఎందుకంటే 'వాళ్లది చేతి పని, మనది బుర్ర పని' అనే గీత చూడటానికి గౌరవంగా ఉన్నా, చివరికి చేతి పనివాడిని తక్కువ చెయ్యడానికే వాడతారు. చేతిలో ఉన్నది కూడా నిజమే, తెలిసినదే అంటే ఆ గీత చెరుగుతుంది. స్టాన్లీ ఆ సంగతి పైకే చెప్పాడు. అయినా 'అది అడిగినంత' అన్నదాన్ని వాక్యం అనడానికి నా నోరు పూర్తిగా రాదు. కాబట్టి నీ మొదటి ప్రశ్నకి జవాబు: మీ నాన్నగారిది జ్ఞానం కాదని ఈ రెండు పక్షాల్లో ఏదీ అనదు. ఏ రకం జ్ఞానం అన్న దగ్గరే గొడవ.

నిజానికి ఈ నలభై ఏళ్లలో పెద్ద మార్పు వచ్చింది వేరే చోట. పాత ప్రశ్న 'నా బుర్రలో ఉన్నది జ్ఞానమా కాదా' అని. కొత్త ప్రశ్న 'ఎవరి మాట ఎవరు వింటున్నారు' అని. జాన్ హార్డ్‌విగ్ 1985లో ఒక భౌతికశాస్త్ర పత్రాన్ని చూపించాడు. దాన్ని రాసినవాళ్లు 99 మంది. ఆ ప్రయోగమంతా తెలిసిన ఒక్క మనిషి ఆ 99 మందిలో లేడు. మరి ఆ జ్ఞానం ఎవరిది? 2015లో హిగ్స్ కణం బరువు గురించి వచ్చిన పత్రానికి 5,154 మంది రచయితలు. ఒకరి మాట ఒకరు నమ్మకపోతే అక్కడ తెలిసేది ఏమీ లేదు. ఇంకొకరి మాట ద్వారా తెలుసుకోవడం చిన్నరకం జ్ఞానం అని హ్యూమ్ కాలం నుంచి ఉన్న చిన్నచూపుని 1992లో కోడీ అనే తత్వవేత్త గట్టిగా తోసిపుచ్చాడు. మనకి ఇది పాత తగాదాయే. శబ్దం, అంటే ఇంకొకరి మాట, తెలుసుకోవడానికి వేరే ప్రమాణమని న్యాయదర్శనంవాళ్లు (నైయాయికులు), కాదు అది అనుమానంలోనే, అంటే గుర్తుల్ని బట్టి ఊహించి తేల్చడంలోనే, కలుస్తుందని బౌద్ధులు, వైశేషికులు.

ఇది నాకు పుస్తకంలో కన్నా ముందు ఇంట్లో ఎదురైంది. 2003 వానాకాలం. అమ్మని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. అమ్మ జీవితమంతా నాన్నకి కండెలు చుట్టింది. బజారు ఒడియా వచ్చు, యాస మాత్రం పూర్తిగా తెలుగు. డాక్టర్ ఏమైందని అడిగితే సగం ఒడియా, సగం తెలుగులో మొదలుపెట్టింది. "రాత్రి నుంచి గుండె మీద మగ్గం దూలం పెట్టినట్టుంది బాబూ, ఈ ఎడమ చెయ్యి నాది కానట్టుంది" అంది. ఆయన నా వైపు తిరిగాడు. చదువుకున్నవాణ్ణి, మంచి ఒడియా మాట్లాడతాను కదా. నేనేం చెప్పానంటే, "రాత్రి పూరీలు తిన్నారండీ, గ్యాస్ అనుకుంటాను. ఆవిడ ప్రతిదీ కొంచెం ఎక్కువ చేసి చెప్తారు." దూలం, చెయ్యి, రెండూ నా అనువాదంలో పోయాయి. గ్యాస్ మాత్రలు రాసిచ్చారు. రెండు రోజుల తరవాత ఇంకో చోట చూపిస్తే గుండెపోటు అని తేలింది.

బతికింది. ఇంకో ఆరేళ్లు బాగానే ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తరవాత ఏ డాక్టర్ ఏమడిగినా "వాణ్ణి అడగండి" అని నన్ను చూపించి ఊరుకునేది.

మిరాండా ఫ్రికర్ 2007లో దీనికి పేరు పెట్టింది. చెప్పేది ఏమిటన్నది వదిలేసి, చెప్పేవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి మాట విలువ తగ్గించడం. ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్ అంటారు, జ్ఞాన విషయంలో అన్యాయం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మన సామెత. ఇది దానికి తిరగేసింది, వినేవాడికి చెప్పేవాడు లోకువ. డబ్బూ పదవీ పోగొట్టుకున్న అన్యాయం లాంటిది కాదిది, ఒక మనిషిని 'తెలిసినవాళ్ల' లెక్కలోంచే తీసేసిన అన్యాయం అంటుంది ఫ్రికర్. నేను డాక్టర్ మీద కోపం పెంచుకుని నాలుగేళ్లు గడిపాను. ఆ పుస్తకం చదివాక గానీ ఆ పని చేసింది ముందు నేనేనని ఒప్పుకోలేదు. 'వాణ్ణి అడగండి' అన్న మాటకి కూడా పేరుంది. ఎలాగూ వినరని తెలిసి తన మాటని తనే మింగేసుకోవడం గురించి క్రిస్టీ డాట్సన్ 2011లో రాసింది.

ఫ్రికర్ చెప్పే రెండో రకం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. నీకు జరిగినదానికి భాషలో పేరే లేకపోతే నువ్వు ఫిర్యాదు కూడా చెయ్యలేవు. 1970ల్లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో కార్మిటా వుడ్ అనే ఉద్యోగిని పై అధికారి వేధింపులు తట్టుకోలేక పని మానేసింది. నిరుద్యోగ భృతి ఫారంలో కారణం ఏం రాయాలో ఆమెకి తెలియలేదు. ఆమె కోసం కూడిన ఆడవాళ్లు వెతికి వెతికి 'సెక్సువల్ హెరాస్‌మెంట్' అన్న మాట ఖాయం చేశారు.

నువ్వు పర్లాకిమిడిలో ఉంటూ ఇది చదువుతుంటే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తు రాకుండా ఎలా ఉంటారు? మీ ఊళ్లోనే పాఠం చెప్పారు. వ్యావహారిక భాష ఉద్యమం అందరికీ తెలుసు. సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని 1931లో దాని వ్యాకరణం అచ్చు వేయించారన్నది తక్కువమంది చెప్తారు. సవరవాళ్ల మాటకి విలువ ఇవ్వాలి అని ఉపన్యాసం ఇవ్వడం తేలిక, ముందు ఆ మాట అర్థం కావాలి కదా. ఇంకోటి కూడా చెప్పాలి. నమ్మదగినవాడు, ఆప్తుడు, ఎవరు అన్నప్పుడు వాత్స్యాయనుడు న్యాయసూత్రాలకి రాసిన వ్యాఖ్య న్యాయభాష్యంలో ఈ లక్షణం ఋషులకీ ఆర్యులకీ మ్లేచ్ఛులకీ సమానమే అన్నాడు. విషయం స్వయంగా తెలిసి ఉండాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి, అంతే. రాసిన మాట అంత బాగుంది. ఆచరణలో ఎవరి మాట ఎవరు విన్నారో మనకి తెలియంది కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 'అనుభవం ఉన్నవాడు చెప్పిందే నిజం' అని దీన్ని పట్టుకుని పోకు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అక్కడ చేపలు పట్టేవాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే, ఒడియాలో నూలియాలంటారు. నాకు తెలిసిన ఒక ముసలాయన కదలనన్నాడు. "తొంభై తొమ్మిది చూసినవాణ్ణి. గాలి సంగతి నాకు చెప్తారా" అన్నాడు. ఆయన చూసింది 1999 అక్టోబర్ 17న మన గంజాం మీదకి వచ్చినది. అదే నెల 29న పారాదీప్ వైపు వచ్చిన సూపర్ సైక్లోన్ దాదాపు 10,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఆయన అనుభవం నిజమైనదే, అది ఆ రాత్రికి చాలదు. కొడుకులు ఎత్తుకెళ్లినంత పని చేశారు. మర్నాడు ఆయన ఇంటి పైకప్పు లేదు.

అయితే ఆయన వైపు కూడా ఒక మాట ఉంది. హెచ్చరిక తప్పైతే ఎవరికి నష్టం? ఆఫీసులో కూర్చున్నవాడికి ఒక మాట పడుతుంది. ఈయనకి వలలు, తెప్ప, నాలుగు రోజుల కూలి పోతాయి. రిచర్డ్ రడ్నర్ 1953లో సరిగ్గా దీని గురించే రాశాడు. ఆధారం ఎంత ఉంటే చాలు అన్న ప్రశ్నకి సైన్సు ఒక్కటే జవాబు చెప్పలేదు, తప్పు జరిగితే ఎంత నష్టమో దాన్ని బట్టి గీత జరుగుతుంది అన్నాడు. మందులో విషం లేదని చెప్పడానికి కావలసినంత రుజువు, బెల్టు బకిల్ బాగుందని చెప్పడానికి అక్కర్లేదు. శాస్త్రవేత్త సంభావ్యత ఎంతో చెప్పి ఊరుకోవాలి, నిర్ణయం వేరేవాళ్లది అని 1956లో రిచర్డ్ జెఫ్రీ అన్నాడు. ఆ అంకె సరైనదని ఒప్పుకోవడం కూడా నిర్ణయమే కదా అన్న జవాబు రడ్నర్ పత్రంలో ముందే ఉంది. 2000లో హెదర్ డగ్లస్ ఈ వాదాన్ని మళ్లీ లేపింది. విలువలు సైన్సులోకి రాకూడదు అనేవాళ్లు ఎదురైతే నేను ఫైలిన్ గురించే అడుగుతాను: పది లక్షల దాకా మనుషుల్ని కదిలించడానికి ఎంత నమ్మకం చాలు? ఆ గీత ఎక్కడ గియ్యాలో గాలి వేగం కొలిచే యంత్రం చెప్పదు.

కళ గురించి కూడా ఒకటి చెప్తాను, నీ ఇంటికి సంబంధించిందే. 1988లో న్యూయార్క్‌లో సుసాన్ వోగెల్ ఒక ప్రదర్శన పెట్టింది. ఆఫ్రికాలో జాండే జాతివాళ్లు వేటకి వాడే వలని కట్టగా చుట్టి, ఆధునిక శిల్పాన్ని పెట్టినట్టు తెల్లగోడల గదిలో పెట్టింది. ఆర్థర్ డాంటో దాని గురించి రాస్తూ ఇది కళ కాదన్నాడు. చూడటానికి ఎలా ఉన్నా అది పనిముట్టే, దానికి పని తప్ప అర్థం లేదని. విడ్డూరం ఏమిటంటే 1964లో వార్హోల్ అనే చిత్రకారుడు చేసిన సబ్బు డబ్బాల లాంటి పెట్టెల్ని చూసి, కంటికి కనిపించేది కళని తేల్చదు అన్నది ఈ డాంటోనే. 1996లో ఆల్‌ఫ్రెడ్ జెల్ అనే మానవశాస్త్రవేత్త జవాబిచ్చాడు. ఉచ్చు చేసేవాడు జంతువు ఎలా నడుస్తుందో, ఎక్కడ మోసపోతుందో ఆ ఉచ్చులోనే రాసిపెడతాడు, అందులో లేని అర్థం గ్యాలరీ బొమ్మలో ఏముంది అని. నేను జెల్ పక్షం. గోపాల్‌పూర్ ఒడ్డున వల అల్లే మనిషి వల కన్ను, అంటే రంధ్రం, ఎంత పెట్టాలో చూసుకునేటప్పుడు ఏ చేప ఎంత లావో అన్నీ లెక్కలో ఉంటాయి.

మీ నాన్నగారి కొంగకి ఎంపోరియంలో 'హస్తకళ' అని చీటీ వేస్తారు కదా. ఆ చీటీ వెనక కాలింగ్‌వుడ్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1938లో చేసిన విభజన ఉంది. చేతిపనివాడికి ఏం తయారవుతుందో ముందే తెలుసు, కళాకారుడికి చేస్తూ పోతే గానీ తెలియదు అని. ఇది మీ ఇంట్లోనే పరీక్షించొచ్చు. కొమ్ములో చార, మెలిక ఎలా వస్తే కొంగ మెడ అలా తిరుగుతుందా, లేక మెడ ముందే మనసులో ఉండి కొమ్ము దానికి లొంగుతుందా?

ఎథిక్స్, అంటే నీతిశాస్త్రం, గురించి నువ్వు పెద్దగా అడగలేదు కాబట్టి తొందరగా దాటేస్తాను. 1967లో ఫిలిప్పా ఫుట్ మొదలుపెట్టిన ట్రామ్ బండి చిక్కు (ఐదుగురిని కాపాడటానికి బండిని ఒకడి మీదకి మళ్లించొచ్చా అన్నది) మీ సిలబస్‌లో ఎలాగూ ఉంటుంది, దాని మీద ఎక్కువ టైం పెట్టకు. 1972లో పీటర్ సింగర్ వ్యాసం మాత్రం తప్పక చదువు. బంగ్లాదేశ్ శరణార్థులు ఆకలితో ఉన్నప్పుడు రాశాడు. కళ్లెదుట చెరువులో మునుగుతున్న పిల్లవాణ్ణి బట్టలు తడుస్తాయని వదిలేస్తామా, మరి దూరంగా ఉన్నవాణ్ణి ఎందుకు వదిలేస్తున్నాం అన్నదే వాదన. ఒప్పుకోకపోయినా ఎక్కడ ఒప్పుకోవో చెప్పడానికి చెమటలు పడతాయి.

చదవడానికి డబ్బు ఖర్చు పెట్టొద్దు. స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ 1995 నుంచి నెట్‌లో ఉచితంగా ఉంది. పైన చెప్పిన దాదాపు ప్రతి విషయం మీదా అందులో వ్యాసం దొరుకుతుంది. మొదట్లో భాష గట్టిగా ఉంటుంది, రోజుకి రెండు పేజీలు చదివి పక్కన తెలుగులో నీ మాటల్లో రాసుకో. తెలుగులో రాయలేని పేరా నీకు అర్థం కాలేదని లెక్క.

తీరిక దొరికినప్పుడు నాన్నగారి దగ్గర కూర్చుని ఒకటి అడిగి ఇక్కడ రాస్తావా? కొమ్ము సెగ తగిలాక వంచడానికి సరిగ్గా ఎప్పుడు తియ్యాలో ఆయన వాసన బట్టి చెప్తారా, రంగు బట్టా, చేతికి తగిలే మెత్తదనం బట్టా? ఏది చెప్పినా "అదెలా తెలుస్తుంది" అని ఇంకోసారి అడుగు. ఆయన మాట ఎక్కడ ఆగిపోయి చెయ్యి కదులుతుందో, అది రాయి.